అరగంటకో రేటు

మా ఆయన హాక్ సెంగ్ చెడ్డవాడు కాదు. ఈ మాట ముందే చెప్పేస్తే మంచిది. ఎందుకంటే ఇక మీదట నేను చెప్పేది వింటే ఎవరైనా అతన్ని నాలుగు తిట్టకుండా ఉండలేరు. తిట్టాల్సినవి నేనే తిట్టేశాను, ఇంక ఎవరికీ మిగల్చలేదు.

అతనికి ఉన్న జబ్బల్లా ఒక్కటే, చవక. పక్కవాడికంటే అర డాలరు ఎక్కువిచ్చి కొన్నానని తెలిస్తే ఆ పూట అన్నం సహించదు. టాక్సీ నడుపుతాడు. ఏ బంకులో ఏ రోజు ఏ కార్డు చూపిస్తే ఎంత తగ్గుతుందో నిద్రలో లేపి అడిగినా చెబుతాడు. టో పాయో పేటలో మా ఫ్లాట్ల బ్లాకు వాళ్ళు ఫ్రిజ్ కొనాలన్నా ఫోను మార్చాలన్నా ముందు మా తలుపు తడతారు. "అంకుల్, ఏది తీసుకోమంటారు?" అని అడిగితే చాలు, మనిషి ఉబ్బిపోతాడు. టీ కూడా ఇచ్చి మరీ సలహా చెబుతాడు. ఆ టీ పెట్టేది నేను.

మా అమ్మ మా ఇంటికి వచ్చి ఈ కథ నాటికి మూడేళ్ళు. పెళ్ళయినప్పటి నుంచీ బొగ్గుల పొయ్యి ముందు నిలబడి క్వే టియావ్ నూడుల్స్ వేయించి అమ్మింది. ఆ పొగంతా ఎటూ పోలేదు, ఆవిడ ఊపిరితిత్తుల్లోనే కూర్చుంది. గాలిలోంచి ఆక్సిజన్ తీసి సన్నని గొట్టంలో పంపే మిషన్ ఒకటి ఆస్పత్రి వాళ్ళు రాసిచ్చారు. మంచం పక్కన పెట్టెలా ఉంటుంది, ప్లగ్గు పెడితే గుర్రుమంటూ నడుస్తుంది. గొట్టం రెండు కొసలు ముక్కులో పెట్టుకోవాలి. పగలూ రాత్రీ నడుస్తూనే ఉండాలన్నారు డాక్టరు.

నిజానికి అమ్మ ఉండాల్సింది మా తమ్ముడు బూన్ కియాట్ దగ్గర. తన ఫ్లాట్ అమ్మేసి ఆ డబ్బంతా వాడి కొత్త ఇంటికి పోసింది. స్విమ్మింగ్ పూల్ ఉన్న ఇల్లది. ఏడాది తిరక్కుండానే మా మరదలికి ఆ మిషన్ చప్పుడు పడలేదు. నిద్ర పట్టట్లేదంది, తలనొప్పంది, పిల్లాడి చదువంది. ఒక ఆదివారం నేనే వెళ్ళి అమ్మనీ మిషన్‌నీ మా ఆయన టాక్సీలో ఎక్కించుకొచ్చాను. తమ్ముడు లిఫ్టు దాకా వచ్చి సంచీ అందించాడు. అంతవరకు వచ్చినందుకే పొంగిపోయింది అమ్మ.

మా తెయోచ్యూ చైనీయుల్లో కొడుకుండగా తల్లి కూతురింట్లో ఉండటమంటే పరువు తక్కువ. కొడుకు చూడట్లేదని ఊరంతా చాటినట్టే. అమ్మ మూడేళ్ళూ వరండాలో కనబడ్డ ప్రతి ఇరుగమ్మకీ ఒకటే చెప్పింది, "చూసి పోదామని వచ్చాను. కొన్నాళ్ళుండి వెళతాను." బట్టలు అలమరలో సర్దుకోమంటే సర్దుకోలేదు. మంచం కింద సంచీలోనే ఉంచుకుంది. చేపలో మెత్తటి ముక్క మా ఆయన ప్లేటులో వేసి తను తల తీసుకునేది. "నాకు తలే ఇష్టం" అనేది. ఈ అబద్ధం ప్రతి అమ్మా చెప్పేదే, కానీ మా అమ్మ అల్లుడి ముందు చెప్పేది.

నా పంతం కూడా చెబుతాను వినండి. అమ్మ చివరిదాకా నా ఇంట్లోనే ఉండాలి. నా మంచం మీదే, నా చేతి గంజి తాగుతూనే పోవాలి. ప్రేమ ఉంది, కాదనను. దాంతోపాటు తమ్ముడి మొహం మీద కొట్టినట్టు ఉండాలన్న కసి కూడా ఉంది. కూతురు చేసింది కొడుకు చెయ్యలేకపోయాడని శవం ముందు కూర్చున్నప్పుడైనా వాడికి తెలియాలి. నేను కోరుకున్నది అదొక్కటే.

టాక్సీ బేరాలు పడిపోయిన ఏడాది అది. జనం మాస్కులు కట్టుకుని ఇళ్ళలోనే కూర్చున్నారు. బేరం లేని డ్రైవరుకి చేతిలో ఫోనుంటే ఏం చేస్తాడు? మా ఆయన కరెంటు మీద పడ్డాడు.

మా దేశంలో కరెంటు ఎవరి దగ్గర కొనుక్కోవాలో మన ఇష్టం. ఒక మధ్యాహ్నం రెండు కాగితాలు పట్టుకొచ్చి గంజి గిన్నె పక్కకి జరిపి బల్ల మీద పరిచాడు. ఒకటి ఫిక్స్‌డ్ రేటు. రెండేళ్ళపాటు ఎప్పుడు వాడినా ఎంత వాడినా యూనిట్‌కి ఒకటే ధర. రెండోది మారే రేటు. టోకు మార్కెట్లో కరెంటు ధర ఎలా ఉంటే అలా, అరగంటకోసారి మారుతుంది.

"ఈ ఫిక్స్‌డ్ వాడు మనల్ని దోచుకుంటున్నాడు" అన్నాడు. "అర్ధరాత్రీ తెల్లవారుజామునా కరెంటు ఎంత చవకో తెలుసా? దాదాపు ఊరికే వచ్చినట్టు. అందరూ వాడేటప్పుడు మనం కాసేపు ఆగితే చాలు."

"అందరూ అన్నం వండుకునేటప్పుడు మనం పస్తుండాలా?" అన్నాను.

"నీకు చెప్పడం నాదే తప్పు. ముందే వండేసుకుని పెట్టుకో."

"ఆ, చల్లారిన అన్నం నువ్వే తిను."

అమ్మ చెంచా పక్కన పెట్టింది. మా ఆయన విషయాల్లో ఎప్పుడూ నోరు మెదపదు. ఆ రోజు మాత్రం మెదిపింది. మా ఆయన్ని అహ్ సెంగ్ అనీ, తమ్ముణ్ణి అహ్ కియాట్ అనీ, నన్ను అహ్ ఎంగ్ అనీ ముద్దుగా పిలుస్తుంది. "ఒకటే రేటు తీసుకో అహ్ సెంగ్. నా ప్లేటు ఎన్నేళ్ళు ఒకటే రేటుకి అమ్మానో తెలుసా? వచ్చేవాడికి జేబులోంచి ఎంత తియ్యాలో ముందే తెలియాలి. అప్పుడు నింపాదిగా తింటాడు."

"మరి సరుకుల ధర పెరిగిన రోజు ఏం చేశారమ్మా?"

"నూడుల్స్‌లో నత్తగుల్లలు నాలుగు తగ్గించి వేసేదాన్ని" అంది అమ్మ. "ఎవరూ లెక్కపెట్టుకోరు."

మా ఆయన బల్ల గుద్ది నవ్వాడు. "చూశావా, మీ అమ్మ నాకంటే ఘటికురాలు!" అన్నాడు. అమ్మ కూడా నవ్వింది. నవ్వయ్యాక అతను మారే రేటు మీదే సంతకం పెట్టాడు. ఆవిడ చెప్పింది వినలేదని కాదు. విన్నాడు, ముచ్చటపడ్డాడు, పక్కన పెట్టాడు.

అప్పటి నుంచి మా ఇంట్లో పొద్దు ఫోనులో పొడిచేది. బట్టలు ఎప్పుడు ఉతకాలో, ఇస్త్రీ ఎప్పుడు చెయ్యాలో, గీజరు ఎప్పుడు వెయ్యాలో అంతా అదే చెప్పేది. నాకు ఫోనులో మెసేజీలు పెట్టేవాడు. నేను పనిచేసేది సూపర్‌మార్కెట్‌లో బ్రెడ్డు కౌంటరు దగ్గర. చేతికి గ్లవుజులతో బన్నులు సర్దుతుంటే జేబులో ఫోను కొట్టుకునేది. చూస్తే "ఇప్పుడు వాషింగ్ మిషన్ వెయ్యి" అని ఉండేది. నేను ఇంట్లో లేనురా నాయనా అని రాసేదాన్ని.

అమ్మకి ఇంగ్లీషు రాదు, ఫోను చూడటం రాదు. అందుకని ఆవిడ కోసం ఒక చిన్న దీపం కొన్నాడు. గాజు బుడ్డిలా ముద్దుగా ఉండేది. హాల్లో పెట్టాడు. టాక్సీలో కూర్చునే ఫోనులోంచి దాని రంగు మార్చేవాడు. రేటు తక్కువుంటే ఆకుపచ్చ, ఎక్కువుంటే ఎరుపు.

మొదటి వారం పెద్ద తమాషా జరిగింది. దీపం ఎర్రగా వెలగ్గానే అమ్మ లేచి రైస్ కుక్కర్ వేసింది, కెటిల్ వేసింది, వాషింగ్ మిషన్ కూడా తిప్పింది. మా ఆయన ఇంటికొచ్చి చూసి నెత్తి పట్టుకున్నాడు.

"అయ్యో అమ్మా, ఎర్రగా ఉంటే ఏదీ వెయ్యకూడదు!"

"ఎందుకని? ఎరుపు శుభం కదా?" అంది అమ్మ. కొత్త సంవత్సరానికి తలుపులకి ఎర్ర కాగితాలు, పిల్లల చేతికి డబ్బు పెట్టిన ఎర్ర కవర్లు, పెళ్ళికి ఎర్ర బట్టలు, బిడ్డ పుడితే ఎర్ర గుడ్లు. జన్మంతా అలా బతికిన మనిషి. ఎరుపంటే ఖరీదనీ, ఆగమనీ ఆ రోజే మొదటిసారి విన్నది.

మా ఆయన పొట్ట పట్టుకుని నవ్వాడు. టాక్సీ స్టాండులో అందరికీ చెప్పి నవ్వించాడు. అమ్మ మాత్రం నవ్వలేదు. "నేను నీకు నష్టం చేశాను" అంది. ఎన్ని రోజులు బతిమాలినా ఆ మాట మరిచిపోలేదు. అప్పటి నుంచి కుర్చీ దీపం కనబడేలా తిప్పుకుని కూర్చోవడం మొదలుపెట్టింది.

అతను ఆవిడ ముందు మోకాళ్ళ మీద కూర్చుని మరీ చెప్పాడు, అది కూడా చెప్పాలి. "అమ్మా, ఇదంతా బట్టలకీ వంటకీ. మీ మిషన్‌కి దీనితో సంబంధం లేదు. అది మాత్రం ఎప్పుడూ ఆపొద్దు, సరేనా?" అమ్మ తలూపింది. నేనూ చెప్పాను. నాకూ తలూపింది. ఇద్దరం నిశ్చింతగా ఎవరి పనికి వాళ్ళం పోయాం.

కొన్ని నెలలు బాగానే గడిచింది. బిల్లు నిజంగానే తగ్గింది. మా ఆయన బిల్లు చేతబట్టుకుని వరండాలో అటూ ఇటూ తిరిగేవాడు. ఫిక్స్‌డ్ రేటు తీసుకున్న ఎదురింటి అంకుల్‌ని పట్టుకుని, "నీ రెండేళ్ళు ఎప్పుడయిపోతాయి పాపం?" అని పరామర్శించేవాడు. నాకు ఒళ్ళు మండేది. కానీ ఇంట్లో నాలుగు డాలర్లు మిగిలితే ఎవరు మాత్రం కాదంటారు?

ఆ తర్వాత అక్టోబరు వచ్చింది. ప్రపంచంలో ఎక్కడో గ్యాస్‌కి కరువొచ్చిందట. మా కరెంటంతా గ్యాస్‌తో తయారయ్యేదే. మార్కెట్లో ధర కొండెక్కి కూర్చుంది. మొదట సాయంత్రాలు ఎరుపన్నాడు. తర్వాత మధ్యాహ్నాలు కూడా అన్నాడు. చూస్తుండగానే పొద్దున లేచేసరికే దీపం ఎర్రగా ఉండటం మొదలైంది. ఒక్కో రోజు మధ్యలో ఏదో అరగంట ఆకుపచ్చ వెలిగేది, అంతే.

మా ఆయన టాక్సీలో ఇలా రేటు పెరిగితే పండగ. వానపడి జనం ఎగబడితే యాప్‌లో ధర రెట్టింపవుతుంది, ఈల వేసుకుంటూ నడుపుతాడు. ఇప్పుడు అదే వాన తన ఇంట్లో కురిసింది. ఫిక్స్‌డ్‌కి మారదామంటే ఏ కంపెనీ కొత్తవాళ్ళని తీసుకోవడం లేదు. "ఇవాళ తగ్గుతుంది, రేపు తగ్గుతుంది" అంటూ ఫోను చూసుకుంటూ కూర్చున్నాడు. ఎదురింటి అంకుల్ మాత్రం అడిగిన పాపాన పోలేదు. ఊరికే మా వైపు చూసి గుడ్‌మార్నింగ్ చెప్పేవాడు. ఆ గుడ్‌మార్నింగే చాలు.

ఆ నెల బిల్లు వచ్చిన రోజు మా ఆయన భోజనాల బల్ల దగ్గర అరిచాడు. "ఇంట్లో ముగ్గురం! ఏసీ వెయ్యట్లేదు, గీజరు వెయ్యట్లేదు, చీకట్లో తింటున్నాం. అసలు ఈ ఇంట్లో ఏది ఇంత తింటోంది?"

ఎవరినీ అనలేదు. గోడలనీ ఫ్రిజ్‌నీ చూస్తూ అన్నాడు. నేను కూడా ఏదో తిరిగి అరిచాను. అప్పుడు పక్క గదిలోంచి మిషన్ గుర్రుమంటూ వినబడుతోంది. అమ్మ మా ఎదురుగానే కూర్చుంది. గొట్టం పొడవుగా ఉంటుంది కాబట్టి బల్ల దాకా వచ్చి కూర్చుంటుంది. తన ప్లేటులో మిగిలింది గబగబా తినేసి లేచి గదిలోకి వెళ్ళిపోయింది.

ఆ తర్వాత అమ్మ ఎక్కువ నిద్రపోతోందనుకున్నాను. మాట తగ్గింది, కాళ్ళు కొంచెం వాచాయి. వయసు అనుకున్నాను. నేను ఇంటికొచ్చేసరికి మిషన్ నడుస్తూనే ఉండేది, ముక్కులో గొట్టం ఉండేది. ఇంకేం చూడాలి?

ఒక రోజు కౌంటర్లో ఓవెన్ పాడై మధ్యాహ్నమే మమ్మల్ని ఇంటికి పంపేశారు. దారిలో అమ్మకిష్టమని చేపముక్కల గంజి కట్టించుకుని వచ్చాను. తలుపు తియ్యగానే ఏదో తేడాగా తోచింది. ఏంటో అర్థం కావడానికి ఒక క్షణం పట్టింది. ఇల్లు నిశ్శబ్దంగా ఉంది. మూడేళ్ళుగా చెవిలో జోరీగలా మోగే చప్పుడు లేదు.

అమ్మ హాల్లో కుర్చీలో నిటారుగా కూర్చుంది. ముక్కులో గొట్టం ఉంది, చెవుల చుట్టూ శుభ్రంగా సర్దుకుని ఉంది. పెదాలు నేరేడు పండు రంగులో ఉన్నాయి. నోరు తెరిచి చిన్నచిన్నగా గాలి పీలుస్తోంది. చూపు దీపం మీదే ఉంది.

"అమ్మా! ఎవరాపారు మిషన్?"

నన్ను చూసి భయపడింది. తప్పు చేస్తూ దొరికిపోయిన చిన్నపిల్ల భయం అది. లేవబోయింది, లేవలేకపోయింది. "ఇప్పుడే... ఇప్పుడే ఆపాను అహ్ ఎంగ్" అంది. "పచ్చ రాగానే వేసేదాన్ని. రోజూ నువ్వొచ్చే వేళకైనా వేస్తూనే ఉన్నాను."

రోజూ. ఆ మాట విన్నాక చేతిలో గంజి ఎక్కడ పడేశానో నాకు తెలియదు. మిషన్ వేశాను, అంబులెన్స్‌కి ఫోను చేశాను, మా ఆయనకి చేశాను. అతను ఫోనెత్తి ఏం జరిగిందని అడిగాడు. "నీ దీపం ఎర్రగా ఉంది" అన్నాను.

ఆస్పత్రిలో ఒక చిన్న వయసు డాక్టరమ్మ మమ్మల్నిద్దర్నీ పక్కకి పిలిచింది. "మిషన్ పాడైందా? లేకపోతే ఇంట్లో కరెంటు పోతోందా?" అని అడిగింది. చదువుకున్న పిల్ల ముందు ఏమని చెప్పాలి? కరెంటు ఉందమ్మా, దాని ధర కూడా ఇంట్లోనే వెలుగుతోంది అని చెప్పాలా? మా ఆయనే చివరికి నోరు విప్పాడు. మొత్తం చెప్పాడు, ఒక్క ముక్క దాచలేదు. చెబుతూ చెబుతూ మాస్కు తడిసిపోయేలా ఏడ్చాడు. నాకు జాలి వేసింది. జాలి వేసినందుకు ఇంకా కోపమొచ్చింది.

సాయంత్రానికి తమ్ముడు దిగాడు. వార్డు తలుపు దగ్గరే అందుకున్నాడు. "ఏంటక్కా ఇది? కరెంటు బిల్లు కోసం అమ్మ చేత ఊపిరి బిగబట్టిస్తారా మీరు?"

"బిగబట్టించానా? అమ్మ ఫ్లాట్ డబ్బుతో పూల్‌లో ఈత కొడుతున్నావు కదరా, ఆవిడ మిషన్ చప్పుడు చెవిన పడకూడదనుకున్నవాడివి నువ్వా మాట్లాడేది?"

"నా పెళ్ళాం జోలికి రాకు."

"నీ పెళ్ళాన్ని ఎవరన్నారు? నిన్నంటున్నాను. మూడేళ్ళలో ఎన్నిసార్లొచ్చావు? ఓ బత్తాయిల బుట్ట పట్టుకొచ్చి కూర్చోకుండానే పోతావు!"

"బావ ఇంటికి పదేపదే రావడం ఏం మర్యాద అక్కా?"

"అల్లుడే చూస్తున్నాడురా మూడేళ్ళుగా! మర్యాదట మర్యాద!"

నర్సు వచ్చి మందలించేదాకా ఆగలేదు. వెనక్కి తిరిగితే పరదా సందులోంచి అమ్మ చూస్తోంది. అంతా విన్నది. వాడు లోపలికెళ్ళి చెయ్యి పట్టుకోగానే ఆవిడ మొహంలోకి వచ్చిన వెలుగు నేను మూడేళ్ళు గంజి పోసినా రప్పించలేకపోయాను.

మా ఆయన ఆ రాత్రే దీపాన్ని బ్లాకులో చెత్త కిందికి జారే గొట్టంలో పడేశాడు. అమ్మ ఆస్పత్రిలో ఉన్నన్నాళ్ళూ టాక్సీ తియ్యకుండా కంపెనీల చుట్టూ ఫోన్లు చేశాడు. ఎక్కడో ఒక్కటి దొరికింది. ఫిక్స్‌డ్, రెండేళ్ళు. ఆ ధర చూస్తే నేనైనా బేరమాడేదాన్ని. జన్మలో మొదటిసారి మా ఆయన బేరమాడకుండా సంతకం పెట్టాడు.

అమ్మని ఇంటికి తెచ్చిన రోజు ఆవిడ కుర్చీ ముందు మళ్ళీ మోకాళ్ళ మీద కూర్చున్నాడు. "అమ్మా, దీపం లేదు, మారే రేటు లేదు. మీరు చెప్పినట్టే ఒకటే రేటు తీసుకున్నాను. ఇక రోజంతా ఏ వేళ వాడినా ఒకటే. హాయిగా ఊపిరి తీసుకోండి."

"ఒకటేనా?" అంది అమ్మ.

"ఒకటే."

"పాత పచ్చ రేటా, ఎర్ర రేటా?"

మా ఆయనకి వెంటనే అబద్ధం ఆడటం రాదు. ఆ ఒక్క క్షణం తడబాటు చాలింది ఆవిడకి. "అంటే ఇప్పుడు రోజంతా ఎరుపేనన్నమాట" అంది.

"అయ్యో, అలా కాదమ్మా..."

"పరవాలేదు అహ్ సెంగ్. నాకు అర్థమైంది." నెమ్మదిగా అతని భుజం మీద చెయ్యి వేసింది. "నువ్వు మంచివాడివి."

దీపం ఉన్నప్పుడు కనీసం ఆ పచ్చ అరగంటైనా ఆవిడ ఎవరికీ రుణపడకుండా ఊపిరి పీల్చుకునేది. మేము దాన్ని కూడా లాగేసుకున్నాం. నేను సెలవు పెట్టి ఇంట్లోనే కాపలా కూర్చున్నాను. స్విచ్చుకి టేపు అంటించాను. ఆవిడ ఆపలేదు. కానీ మిషన్ గుర్రుమన్న ప్రతిసారీ దాని వైపు చూసి, మా ఆయన వైపు చూసి, ఒళ్ళు దగ్గరికి ముడుచుకునేది. ఎక్కువ చోటు తీసుకుంటే దానికి కూడా బిల్లు పడుతుందన్నట్టు ఉండేది.

నాలుగో రోజో అయిదో రోజో, గంజి తాగిస్తుంటే నా చెయ్యి ఆపింది. "నన్ను హోమ్‌లో పెట్టండి" అంది.

"ఏ హోమ్? పిచ్చి మాటలు మాట్లాడకు."

"ముసలివాళ్ళని చూసే హోమ్. ఆస్పత్రిలో పక్క మంచం ఆవిడ చెప్పింది. నెలకి ఇంతని ఒకటే కడతారట. అన్నం, మంచం, కరెంటు, అన్నీ అందులోనే. ఎవరూ విడిగా లెక్కెయ్యరట."

"ఇక్కడ మాత్రం ఎవరు లెక్కేస్తున్నారమ్మా? నా ఇల్లు ఇది. నేను నీ కూతుర్ని!"

"కూతురివే" అంది. "ఇల్లు అహ్ సెంగ్‌ది." ఆగి ఆగి ఊపిరి తీసుకుంది. "అహ్ కియాట్‌ని కట్టమను. కొడుకు కడితే నాకు నామర్దా లేదు. కొడుకు డబ్బుతో ఎంత గాలి పీల్చినా ఎవరేమంటారు?"

కాళ్ళు పట్టుకున్నాను. నిజంగానే పట్టుకున్నాను. తమ్ముడు పట్టించుకోకుండా వదిలేస్తే తెచ్చుకుని చూసినదానికి ఇదా నువ్విచ్చేదని అరిచాను కూడా. అమ్మ నా తల నిమిరింది, కానీ మాట మార్చలేదు. నా బతుకులో ఆవిడ అంత మొండిగా ఉండటం ఒకే ఒక్కసారి చూశాను. అది నా ఇంట్లోంచి పోవడానికి.

తమ్ముడు ఒప్పుకున్నాడు. ఒప్పుకోవడమేంటి, ఎగిరి గంతేశాడు. చప్పుడు తన ఇంట్లో ఉండదు, పేరు తనకొస్తుంది. చేర్చిన రోజు కొత్త చొక్కా వేసుకొచ్చి నర్సులందరికీ "నేను కొడుకుని" అని చెప్పుకున్నాడు. అమ్మ మంచం కింద సంచీలోంచి బట్టలు తీసి అక్కడి అలమరలో తనే సర్దుకుంది. నేను సాయం చెయ్యబోతే వద్దంది.

రెండు నెలలు కట్టాడు మా తమ్ముడు. మూడో నెల హోమ్ వాళ్ళు నాకు ఫోను చేశారు. వాడికి చేస్తే పిల్లాడి ట్యూషన్లన్నాడు, ఇంటి వాయిదాలన్నాడు, వచ్చే నెల చూద్దామన్నాడు. నేను ఫోనులో ఉండగానే మా ఆయన టాక్సీ తాళాలు తీసుకుని లేచాడు. ఆ రోజు నుంచి పొద్దున్నే ఒక విడత, సాయంత్రం ఒక విడత టాక్సీ తీస్తున్నాడు. ఎక్కడ రేటు తక్కువో ఎక్కడ తగ్గింపో అడగడం మానేశాడు. బ్లాకు వాళ్ళు సలహా అడిగితే తెలియదంటాడు. నాతో ఒక్కటే అన్నాడు, "నేను కడుతున్నానని మీ అమ్మకి మాత్రం చెప్పకు. చెబితే అక్కడ కూడా ఆపేస్తుంది."

మొన్న ఆదివారం వెళ్ళాను. అమ్మ కాస్త ఒళ్ళు చేసింది. పెదాలు ఎర్రబడ్డాయి. పక్క మంచం మీది ఆవిడకి తన క్వే టియావ్ దుకాణం ముందు జనం ఎలా బారులు తీరేవారో చెబుతూ గట్టిగా నవ్వుతోంది. మంచం పక్కన మిషన్ గుర్రుమంటూ నడుస్తోంది, ఆవిడ దాని వైపు చూడను కూడా చూడటం లేదు. పట్టపగలు తలవైపు లైటు వెలుగుతోంది. నన్ను చూసి కూర్చోమంది. టీ ట్రాలీ రాగానే నాకోసం ఒక కప్పు అడిగి తీసుకుంది.

"తాగు, తాగు" అంది. "అన్నీ కలిపే కట్టారు."

బయట వాన పడి వెలిసింది. గది చల్లగా ఉంది. అమ్మ దుప్పటి మెడదాకా లాక్కుని, అటుగా పోతున్న నర్సుని కేకేసింది. "అమ్మాయ్, ఆ ఫ్యాన్ ఇంకొంచెం పెంచు!"

"చలేస్తోంది కదమ్మా, దుప్పటి కప్పుకున్నావు. ఫ్యాన్ ఎందుకు?" అన్నాను.

"తిరగనీ" అంది అమ్మ, దుప్పట్లోంచి హాయిగా నవ్వుతూ. "మీ తమ్ముడు కడుతున్నాడు."

అవునమ్మా, వాడే కడుతున్నాడు అన్నాను.